ముందు ముట్టుకున్నది రాజునే

ఇంటికి తాళం వేసి బయలుదేరితే నేను వీధి మలుపు దాకా కూడా వెళ్ళలేను. వేశానా లేదా అని అనుమానం మొదలవుతుంది. వెనక్కి వచ్చి తాళం లాగి చూస్తాను. మళ్ళీ పది అడుగులు వేసేసరికి, లాగిన మాట నిజమే గానీ గట్టిగా లాగానా అనిపిస్తుంది. గ్యాసు సంగతీ అంతే, నీళ్ళ మోటారు సంగతీ అంతే. పెళ్ళికి ముందు నాకు ఈ జబ్బు లేదు. అమ్మాయి పుట్టిన ఏడాది, నిద్రలో ఊపిరి తీస్తోందో లేదో అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూడటంతో మొదలైంది. ఆ తరవాత ఇంట్లో ఒక్కొక్క వస్తువుకీ పాకింది.

దీనికి మందు కనిపెట్టింది కూడా మా అమ్మాయే. అప్పటికి దానికి అయిదేళ్ళు. మూడోసారి వెనక్కి తిరగబోతున్న నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"వేసినావమ్మా. నేను చూసినా."

విచిత్రంగా ఆ మాటతో నా గుండె నెమ్మదించింది. అప్పటినుంచి అది మా ఇంటి పద్ధతి అయిపోయింది. నేను తాళం వేస్తుంటే పిల్ల పక్కన నిలబడి చూస్తుంది. వీధిలోకి వచ్చాక "వేసినానా?" అని అడుగుతాను. "వేసినావు, నేను చూసినా" అంటుంది. ఇక వెనక్కి తిరగను. మా ఆయన నవ్వేవాడు. "ఏ ఇంట్లోనన్నా పిల్లలకి అమ్మ కళ్ళు. మా ఇంట్లో తిరగేసి," అనేవాడు.

ఈ సంగతి ముందుగా ఎందుకు రాస్తున్నానంటే, గూడూరులో నేను చేసిన పని వల్ల పోయింది ఆటలో పాయింటు కాదు, ఇదే.

మేం చిట్టమూరు దగ్గర ఉంటాం. మా ఆయన రొయ్యల గుంటల మీద టెక్నీషియను. నీళ్ళు పరీక్ష చేయడం, రొయ్యకు జబ్బు వస్తే చెప్పడం ఆయన పని. నేను పుట్టి పెరిగింది బుచ్చిరెడ్డిపాలెంలో. మా నాన్న ధాన్యం వ్యాపారి దగ్గర గుమాస్తా. లారీలు రావడం ఆలస్యమైన రోజుల్లో, బస్తాల మీద బోర్డు పరిచి నాకు చదరంగం నేర్పాడు. ఆయన నేర్పిన మొదటి సూత్రం ఎత్తులు కాదు. "ముట్టినాక ఆడాల్సిందే. ఏడ్చినా సరే." పొరపాటున మంత్రిని ముట్టుకుని, దాన్ని పోగొట్టుకోక తప్పక, నేను నిజంగానే ఏడ్చిన రోజులున్నాయి. ఆయన మాత్రం చెయ్యి వెనక్కి తీసుకోనిచ్చేవాడు కాదు.

కాలేజీలో ఉండగా యూనివర్సిటీ జట్టుకు ఆడాను. రేటింగు పదిహేడు వందలు దాటింది. పెద్ద గొప్పేమీ కాదు గానీ మా వైపు ఆడపిల్లల్లో అది బాగానే చెప్పుకునే అంకె. తరవాత పెళ్ళి, పిల్ల. బోర్డు అటకెక్కింది. కిందటి ఏడాది ఏదో వెతుకుతుంటే మా అమ్మాయికి నా పాత సర్టిఫికెట్టు దొరికింది. దాని మీది ఫోటోను, నా మొహాన్ని మార్చి మార్చి చూసింది.

"ఇది నువ్వేనా? నువ్వు గెలిచినావా?"

ఆ ఆశ్చర్యం నాకు గుచ్చుకుంది. ఏడేళ్ళ పిల్ల నన్ను భయపడుతుండగా చూసింది, వెతుకుతుండగా చూసింది, డాక్టరు చెప్పింది మళ్ళీ మళ్ళీ అడిగి విసిగిస్తుండగా చూసింది. ఏదైనా గెలుస్తుండగా ఒక్కసారీ చూడలేదు. బోర్డు కిందికి దించాను. పిల్లకు ఆట నేర్పాను, నాన్న సూత్రంతో సహా. గూడూరులో రెండు రోజుల ఓపెన్ టోర్నమెంటు జరుగుతుందని తెలిసినప్పుడు పేరు ఇచ్చేశాను. ప్రైజు కోసం కాదు. నేను గెలవడం మా అమ్మాయి చూడాలి, అంతే.

ఆ శనివారం మా ఆయనకు గుంటలో రొయ్యలు పట్టే పని పడింది. పిల్లను తీసుకుని పొద్దున్నే బస్సెక్కాను. దానికి బస్సు పడదు. దారంతా కవరు చేతిలో పట్టుకుని, ఎప్పుడు వాంతి అవుతుందో అని మొహం చూస్తూ కూర్చున్నాను. కాలేదు.

ఆటలు ఒక కల్యాణ మండపంలో. ముందురోజు పెళ్ళి జరిగినట్టుంది. స్టేజీ మీద బంతిపూల దండలు ఇంకా వేలాడుతున్నాయి, భోజనాల హాల్లోంచి సాంబారు వాసన వస్తోంది. ఆడేవాళ్ళు తప్ప లోపలికి ఎవరినీ రానివ్వడం లేదు. పిల్లను ఎవరి దగ్గర వదలాలో తెలియక నేను తలుపు దగ్గర నిలబడిపోతే, ఆటలకు తీర్పు చెప్పే ఆర్బిటరు, జుట్టంతా నెరిసిన పెద్దమనిషి, కుర్చీ ఒకటి తెచ్చి నా బల్ల పక్కన గోడవారగా వేశాడు.

"పాపా, నోరు తెరిచినావంటే మీ అమ్మ ఓడిపోయిందని రాసేస్తా. సరేనా?"

పిల్ల వెంటనే నోటి మీద వేలు వేసుకుంది. ఆట అయ్యేదాకా ఆ వేలు తియ్యలేదు.

ఇలాంటి పోటీల్లో మొదటి ఆట ఎప్పుడూ రేటింగు జాబితాలో పై సగం వాళ్ళకు కింది సగం వాళ్ళతో పడుతుంది. గోడకు అంటించిన జాబితాలో నా పేరు పక్కన 1711. నా ఎదుటి మనిషి పేరు పక్కన 1422. అంత తేడా ఉంటే గెలుపు దాదాపు పై వాళ్ళదే. నేను పిల్ల చెవిలో చెప్పాను కూడా, "ఈ ఆట మనదే" అని.

ఆయనకు నలభై దాటి ఉంటాయి. చేతులు మోచేతుల దాకా మడిచిన చొక్కా, వేళ్ళ సందుల్లో పసుపుపచ్చని మరక. ఆయన వచ్చి కూర్చోగానే బల్ల చుట్టూ నిమ్మతొక్క వాసన కమ్ముకుంది.

"అక్కా, మొదట గడియారం నువ్వే నొక్కాల, నీవి నల్లవి," అన్నాడు నవ్వుతూ. వయసులో నాకంటే పెద్దవాడు. అయినా మా వైపు తెలియని ఆడమనిషి ఎవరైనా అక్కే.

నాలుగైదు ఎత్తులకే నా చూపు ఆయన చేతి మీద పడింది. మామూలుగా ఎవరైనా ఎదుటి పావును తీసి పక్కన పెట్టి, అప్పుడు తమ పావును అక్కడ పెడతారు. ఈయన అదంతా ఒకే విసురులో చేసేవాడు. బొటనవేలు, చూపుడువేలు తన పావును పట్టుకుంటే, చివరి రెండు వేళ్ళు నా పావును అరచేతిలోకి లాక్కునేవి. చప్పుడు ఉండేది కాదు. నేను చూస్తున్నానని కనిపెట్టి గొంతు తగ్గించి చెప్పాడు.

"నిమ్మకాయల మార్కెట్లో కాయలు ఏరతానక్కా. ఒక చేతికి మూడు కాయలు రాకపోతే పొద్దుగూకినా కుప్ప తరగదు. అలవాటైపోయింది."

ఆయన ఆట తేలికైనది కాదు. పదో ఎత్తుకు వచ్చేసరికి నాకు అర్థమైంది. రేటింగు తక్కువ ఉన్నది పోటీలకు రాకపోవడం వల్ల, ఆట రాక కాదు. నేను ఒక్కో ఎత్తుకు నాలుగైదు నిమిషాలు తీసుకుంటుంటే ఆయన ఊరికే తల ఎత్తి పంకా చూసి, చెయ్యి విసిరి, ఆడేసేవాడు. పక్కకు చూశాను. పిల్ల నోటి మీద వేలుతో నన్నే చూస్తోంది. బోర్డును కాదు, నన్ను. బడి వార్షికోత్సవంలో నేను దాన్ని ఎలా చూస్తానో అలా.

అప్పుడు ఆయన క్యాస్లింగ్ చేశాడు. ఆట తెలియని వాళ్ళ కోసం చెప్తాను. రాజును రెండు గళ్ళు పక్కకు జరిపి, మూలనున్న ఏనుగును రాజు మీదుగా ఇవతలికి తెచ్చి పెట్టే ఎత్తు అది. రాజుకు కోట కట్టినట్టు. దానికి ఒక నియమం ఉంది. ముందు రాజునే ముట్టుకోవాలి. ముందు ఏనుగును ముట్టుకుంటే క్యాస్లింగ్ చెల్లదు, ఆ ఏనుగునే ఆడాలి.

ఆయన చెయ్యి ఎప్పటిలాగే ఒక్క విసురుగా కదిలింది. బొటనవేలు, చూపుడువేలు రాజును పట్టుకున్నాయి. అదే ఊపులో చెయ్యి పక్కకు వెళ్ళి చివరి వేళ్ళతో ఏనుగును లాక్కుంది. రాజు అక్కడ, ఏనుగు ఇక్కడ. కన్ను మూసి తెరిచేలోగా అయిపోయింది.

నేను గడియారం ఆపి చెయ్యెత్తాను.

ఆర్బిటరు వచ్చాడు. ఈయన ఏనుగును ముందు ముట్టుకున్నారని చెప్పాను. ఇంగ్లీషులో చెప్పాను. ఎందుకు ఇంగ్లీషులో చెప్పానో అప్పుడు ఆలోచించలేదు.

అది పొరపాటున కలిగిన అనుమానం అని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకోబోయాను. చెల్లలేదు. అనుమానం నాకు కొత్త కాదు. అది కడుపులో ఎక్కడ పుడుతుందో, గొంతు దాకా ఎలా వస్తుందో నాకు బాగా తెలుసు. ఆ రోజు అలాంటిదేమీ లేదు. ఇంత స్పష్టంగా నేను దేన్నీ చూసి ఉండను. ముందు ముట్టుకున్నది రాజునే.

ఆర్బిటరు వేరే బల్ల దగ్గర ఉన్నాడు కాబట్టి చూడలేదు. నా ఎదుటి మనిషి వైపు తిరిగి అడిగాడు.

"ఏమయ్యా, ఏది ముందు ముట్టినావు?"

ఆయన తన చెయ్యి వంక చూసుకున్నాడు. తరవాత నా వంక చూశాడు.

"మేడం చెప్తా ఉంది కదా సార్. సరే."

అప్పటిదాకా అక్కను. ఆ మాటతో మేడం అయ్యాను.

రాజును, ఏనుగును మళ్ళీ వాటి స్థానాల్లో పెట్టించారు. ఏనుగునే ఆడాలి. అది వెళ్ళగలిగిన గళ్ళు రెండే. ఆయన మొదటిసారి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అయిదు నిమిషాలు కదల్లేదు. తరవాత బొటనవేలితో, చూపుడువేలితో మాత్రమే ఏనుగును పట్టుకుని ఒక్క గడి పక్కకు జరిపాడు.

ఇక ఆయన రాజు ఆ వైపు కోటలోకి వెళ్ళలేదు. నడిమధ్యన నిలబడిపోయింది. ఇప్పుడు గెలవాల్సింది నేను.

కానీ ఆ ఏనుగు నిలబడ్డ గడి సూటిగా నా రాజు ఎదురుగా ఉంది. మధ్యలో ఆయన బంటు ఒకటి, నా బంటు ఒకటి. ఆయన ఆ బంటును ముందుకు తోశాడు. ఇంకోసారి తోశాడు. నా గుర్రాన్ని తరిమాడు. బంట్లు మారిపోయి దారి తెరుచుకుంది. క్యాస్లింగ్ జరిగి ఉంటే ఆ ఏనుగు అక్కడ ఉండేది కాదు, ఆ బంటును కదిపే ధైర్యమూ ఆయన చేసేవాడు కాదు. నేను అబద్ధం చెప్పి అక్కడ నిలబెట్టిన ఏనుగు, ముప్పై రెండో ఎత్తులో నా రాజు ముందరి బంటును తీసుకుంది. ఇంకో మూడు ఎత్తుల్లో ఆట కట్టు.

చెయ్యి చాచాను. ఆయన చెయ్యి కలిపాడు. స్కోరు షీట్ల మీద ఇద్దరం సంతకాలు పెట్టాం. ఆర్బిటరు అక్కడే ఉన్నాడు. అప్పుడు చెప్పొచ్చు. ఒక్క వాక్యం. ఓడిపోయాక చెప్తే పోయేదేమీ లేదు. కానీ గోడవారన కుర్చీలో పిల్ల ఉంది. దాని ముందు ఓడిపోయింది చాలు అనుకున్నాను.

ఆ పైన ఇంకో పని చేశాను. మిగతా ఆటలు ఆడలేనని, పిల్లకు ఒంట్లో బాగాలేదని, వాంతులని చెప్పాను. ఆర్బిటరు అయ్యో అన్నాడు. పేరు కొట్టేశాడు. మేం మెట్లు దిగుతుంటే వెనకనుంచి కేక.

"మేడం! ఓ మేడం!"

ఆయనే. పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన చొక్కా జేబులోంచి రెండు నిమ్మకాయలు తీసి పిల్ల చేతిలో పెట్టాడు.

"వాంతులంట కదా. బస్సులో ముక్కు దగ్గర పెట్టుకో పాపా. గోటితో గీరితే వాసనొస్తాది. ఏం కాదు."

పిల్ల అప్పుడు నా వంక చూసింది. దానికి వాంతులు లేవు.

బస్సు కదిలాక, ఆ మూడు గంటలూ పట్టి ఉంచిన మాట చెప్పింది. అడగలేదు, చెప్పింది.

"అమ్మా, ఆ మామ ముందు రాజునే పట్టుకున్నాడు."

"లేదు. ఏనుగుని."

"రాజునే మా. నేను చూసినా."

మా ఇద్దరి మధ్య ఆ మాటకు ఎంత విలువో నాకు తెలుసు. రోజూ దాని మీద ఆనుకునే నేను గడప దాటుతాను. అయినా అన్నాను.

"నువ్వు సరిగ్గా చూళ్ళేదు. ఆయన చెయ్యి అడ్డమొచ్చింది. నీకట్లా కనపడింది."

పిల్ల వాదించలేదు. నిమ్మకాయను ముక్కుకు ఆనించుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఇంటికి వచ్చేదాకా ఆ కాయ ముక్కు దగ్గరనుంచి తియ్యలేదు.

"ఏమైంది, ఫస్టు ఆటకే తిరిగొచ్చినారు?" అన్నాడు మా ఆయన. చేతులకు ఇంకా రొయ్యల నీచు వాసన పోలేదు.

"నిమ్మకాయలోడి చేతిలో ఓడిపోయినా," అన్నాను. ఆ మాట ఎలా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు కుంచించుకుపోతుంది.

సోమవారం పిల్లను బడిలో దింపడానికి బయలుదేరాం. తాళం వేశాను. వీధిలోకి వచ్చాక అలవాటుగా అడిగాను.

"వేసినానా?"

పిల్ల కొంచెం ఆగింది. "వేసినట్టే ఉందమ్మా."

"వేసినట్టే ఉందంటే? చూసినావా లేదా?"

"చూసినా. సరిగ్గా చూసినానో లేదో."

నేను వెనక్కి వెళ్ళాను. మూడుసార్లు వెళ్ళాను. బడి గంట కొట్టేశారు.

మర్నాడూ అంతే. పిల్ల అలిగి అన్న మాటలు కావు అవి. నా మీద కోపంతో అన్నా బాగుండేది. అది నిజంగానే తన కళ్ళను నమ్మడం మానేసింది. పలక మీది లెక్క చూసి "ఇది అయిదేనా?" అని అడిగేది. గ్యాసు గుండీ దగ్గరకు పోయి వేలితో తడిమి వచ్చేది. నా జబ్బు ఏదైతే దానికి రాకూడదని దేవుళ్ళకు మొక్కుకున్నానో, దాన్ని నేనే తీసుకెళ్ళి దాని చేతిలో పెట్టాను.

ఇంట్లో బోర్డు వేసుకున్నప్పుడు ఇంకో విడ్డూరం. క్యాస్లింగ్ చేయాల్సి వస్తే పిల్ల రాజును రెండు వేళ్ళతో పట్టుకుని గాల్లోకి ఎత్తి, నా మొహం చూసేది.

"చూడమ్మా, రాజునే పట్టుకున్నా. చూసినావా?"

"చూసినాలే, ఆడు."

"సరిగ్గా చూసినావా?"

నేను అవునన్న తరవాతే ఏనుగు జోలికి పోయేది.

రెండు వారాలు అలాగే గడిపాను. ప్రతిసారీ ఈసారి చెప్పేయాలనుకుని, ప్రతిసారీ "ఆడు" అని ఊరుకున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం మాత్రం పిల్ల రాజును ఎత్తి పట్టుకుని, నేను అవునన్నాక కూడా ఏనుగు జోలికి పోకుండా మూడోసారి అడిగింది, సరిగ్గా చూసినావా అని.

"అది కింద పెట్టు," అన్నాను. "ఆ రోజు గూడూరులో నువ్వు చూసిందే నిజం. ఆ మామ రాజునే పట్టుకున్నాడు."

పిల్ల రాజును కింద పెట్టలేదు. "అంటే నేను సరిగ్గానే చూసినా?"

"సరిగ్గానే చూసినావు."

"మరి చూళ్ళేదన్నావే?"

"అబద్ధం చెప్పినా. ముందు ఆ సార్‌కి చెప్పినా, తరవాత నీకు చెప్పినా."

"ఎందుకు?"

నీ ముందు గెలవాలని, అన్నాను. చాలా చిన్న మాటగా వినిపించింది అది, నాకే. పిల్ల ఏడవలేదు. నన్ను కరుచుకోనూ లేదు. బోర్డు వంక చూసి అడిగింది.

"ఆ మామకి చెప్పినావా?"

"లేదు."

"ఆ మామకి కదా చెప్పాల."

మా ఆయనకు అంతా చెప్తే ఆయన తల గోక్కున్నాడు. "ఈ మాత్రం దానికి గూడూరు పోతావా? గెలిచింది ఆయనే కదా, నష్టమేముంది?" నాకూ అలాగే అనుకోవాలని ఉంది. ఆ రెండు వారాలూ నేను అనుకున్నది అదే. ఆయన గెలిచాడు కాబట్టి నా అబద్ధం ఎవరికీ ఏమీ చేయలేదని. పిల్ల మాత్రం వచ్చే శనివారం బడి లేదని రెండుసార్లు గుర్తు చేసింది.

గూడూరు నిమ్మకాయల మార్కెట్లో పొద్దున పూట కాలు పెట్టే చోటు ఉండదు. ఎటు చూసినా కుప్పలు, పచ్చవి, పసుపువి. వాటి చుట్టూ గోనెపట్టాల మీద మనుషులు. ఆయన్ను కనుక్కోవడం కష్టం కాలేదు. చదరంగం ఆడే మనిషి అనగానే ఇద్దరు ముగ్గురు చెయ్యి చూపించారు. ఒక కుప్ప ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ ఆడుతున్నాయి. మూడేసి కాయలు పైకి లేస్తున్నాయి. వేళ్ళు వాటిని తడుముతున్నాయి. పెద్దవి ఒక వైపు, చిన్నవి ఒక వైపు, మచ్చవి వెనక్కి పడుతున్నాయి. ఆయన కాయల వంక చూడటం కూడా లేదు.

నన్ను చూసి లేవబోయాడు. పక్కన ఏరుతున్న పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవురు, ఏనుగు మేడమేనా? ఏమ్మా, నీ ఏనుగు కథ విని విని మా చెవులు చిల్లులు పడినాయి. రోజూ అదే. ఈడ్ని ఒక్కసారి ఓడించి పో తల్లీ, మా పీడ వదల్తాది!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. "పని చూడు పెద్దమ్మా," అన్నాడు. పక్కకు పిలిచి చెప్పాలని నేను అనుకుని వచ్చాను. కానీ ఆయన మళ్ళీ కూర్చున్నాడు, చేతులు మళ్ళీ మొదలయ్యాయి. అక్కడే, వాళ్ళందరి ముందే చెప్పాను. తెలుగులో చెప్పాను.

"ఆ రోజు మీరు రాజునే ముందు ముట్టుకున్నారు. నేను చూశాను. చూసి కూడా ఏనుగని చెప్పాను. తప్పు చేశాను."

పెద్దావిడ చేతులు ఆగాయి. ఆయనవి ఆగలేదు.

"తెలుసక్కా," అన్నాడు.

"తెలిసి ఎందుకు ఒప్పుకున్నారు? రాజునే ముట్టుకున్నానని చెప్పొచ్చు కదా?"

ఒక కాయను వేళ్ళ మధ్య తిప్పి వెనక్కి వేశాడు. మచ్చ ఉన్నట్టుంది.

"చెప్తే ఆ సారు ఎవురి మాట నమ్మతాడు? గోడ మీద నీ పేరు పక్కన పదిహేడు వందలు. నాకు పధ్నాలుగు వందల చిల్లర. నువ్వు ఇంగ్లీషులో గడగడా చెప్పినావు. నేను చెయ్యి ఇట్లా తిప్పినా, ఇట్లా పట్టినా అని ఆడించి చూపించాల. కాదని వాదిస్తే దొంగాటోడని పేరొస్తాది, మళ్ళీ ఆ మండపంలో అడుగు పెట్టలేను. ఊరుకుంటే ఆటన్నా మిగుల్తాది కదా అని ఊరుకున్నా."

అది ఆయన మంచితనమని, పోనీలే అనుకుని ఒప్పుకున్నాడని నేను ఇన్ని రోజులూ అనుకుంటున్నాను. మనసులో ఆయనకు కృతజ్ఞతలు కూడా చెప్పుకున్నాను. తల ఎత్తలేకపోయాను. ఆర్బిటరుకు ఫోను చేసి జరిగింది చెప్తానన్నాను.

"గెలిచినోడి తరఫున ఫిర్యాదా?" అని నవ్వాడు. "వద్దులేక్కా. చెప్పాలనిపిస్తే చెప్పుకో, నీ ఇష్టం." తరవాత, నవ్వు తగ్గాక, తనలో తను అనుకుంటున్నట్టుగా అన్నాడు. "ఒకటే అక్కా. అప్పటినుంచి చెయ్యి ఆగతా ఉంది. మొన్న పిల్లోళ్ళతో ఆడతా ఉంటే కూడా రాజుని ఎత్తి పట్టుకుని ఎదుటోడి మొహం చూసినా, ఒప్పుకుంటాడా లేదా అని. ఈ చెయ్యి ఎప్పుడూ అట్లా ఆగలా."

పిల్ల నా కొంగు వదిలి ముందుకు వచ్చింది. ఆయన దాన్ని అప్పుడే చూసినట్టు పలకరించాడు.

"ఏం పాపా, వాంతులు తగ్గినాయా?"

"నాకు వాంతులు లేవు," అంది పిల్ల. నేను కళ్ళు మూసుకున్నాను.

ఆయన నా వంక ఒకసారి చూశాడు. మళ్ళీ పిల్ల వైపు తిరిగాడు.

"నువ్వు ఆ రోజు కుర్చీలో కూర్చోనుంటివి కదా. చూసినావా నువ్వు?"

"చూసినా. రాజే ముందు."

"ఈ బొటనవేలితో, కదా?"

"కాదు. ఆ వేలు, ఈ వేలు, రెండూ." పిల్ల వంగి ఆయన చూపుడువేలును కూడా ముట్టుకుని చూపించింది. "చిన్న వేళ్ళతో ఏనుగు. తరవాత."

ఆయన చేతులు అప్పుడు ఆగాయి. కాయలు ఒళ్ళోకి జారాయి. తన వేళ్ళ వంక, పిల్ల వంక చూసి తల ఊపాడు.

"అంతే. ఒకరు చూసినారు. చాల్లే."

ఆర్బిటరుకు ఫోను చేశాను. అంతా విని, మీలాంటి చదువుకున్నవాళ్ళు అబద్ధం చెప్తారని అనుకోలేదమ్మా అన్నాడు. నిమ్మకాయల మార్కెట్లో ఆయన చెప్పిన మాట ఎంత నిజమో ఆ ఒక్క వాక్యంతో తెలిసింది.

ఇది రాయడం ఈ రాత్రికి నాలుగోసారి. మొదటి మూడుసార్లూ ఎక్కడో ఒక చోట నాకు అనుకూలంగా ఒక మాట దూరింది. కొట్టేశాను.

ఈ పొద్దున బడికి బయలుదేరాం. తాళం వేశాను. పిల్ల పక్కన నిలబడి చూసింది. వీధిలోకి వచ్చాక అడగకూడదనుకుంటూనే అడిగాను.

"వేసినానా?"

"వేసినావు. నేను చూసినా," అంది.

చాలా రోజుల తరవాత విన్నాను ఆ మాట. దాని చెయ్యి పట్టుకుని గబగబా నడిచాను. మలుపు దాకా వచ్చామో లేదో, పిల్ల చెయ్యి విడిపించుకుంది. వెనక్కి పరిగెత్తి, మునివేళ్ళ మీద నిలబడి తాళాన్ని రెండుసార్లు లాగి చూసి, మళ్ళీ పరిగెత్తుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.